బాబాయి డిస్క్

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి డిపార్ట్‌మెంట్ బాబాయిని పోగొట్టుకుంది.

ఆయన రోడ్డు దాటుతున్నాడు. ఒక సైకిల్ ఆయన భుజానికి రాసుకుంటూ వెళ్ళింది. సైకిల్ మీది మనిషి "సారీ అండీ" అన్నాడు. "ఫర్వాలేదు" అన్నాడు బాబాయి. అదే ఆయన చివరి మాట. అవతలి పేవ్‌మెంట్ చేరేసరికి మోకాళ్ళు మడతపడ్డాయి. మెడ వెనక సూదిమొనంత ఎర్రటి చుక్క ఉందని డాక్టర్ రిపోర్టులో రాశాడు.

ఇరవై ఆరేళ్ళ సర్వీసు. ఆఫీసులో సగం మంది ఏజెంట్లకు పని నేర్పింది ఆయనే. తూనీగకు కూడా. తూనీగ అన్నది ఆమె కోడ్‌నేమ్. అసలు పేరుతో పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు డైరెక్టర్ ఆమెను పిలిచాడు. బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది.

"విదేశీ ముఠాలో కోడ్ రాసే ఆవిడ ఇవాళ మన వైపు వచ్చేస్తోంది. వెంట ఆరేళ్ళ కూతురు. నాలుగింటికి మన పోస్ట్‌మాన్ వాళ్ళని కారెక్కించుకోవాలి."

పోస్ట్‌మాన్ అంటే ఫీల్డ్ ఏజెంటు.

"ఎక్కడ?"

"స్టేషన్ గడియారం కింద అనుకున్నాం. అది ముఠాకి తెలిసిపోయింది. పొద్దున బాబాయి ఫోన్ చేశాడు. చోటు మార్చాను, ఆవిడకి కబురు అందింది, వివరాలు పొద్దున్నే నా మెషీన్‌లో రాసిపెట్టాను, ఫోన్‌లో వద్దు, వచ్చి చెబుతానన్నాడు."

తూనీగ గోడ గడియారం వైపు చూసింది.

"పోస్ట్‌మాన్‌కి మాత్రం ఏమీ తెలియదు. అతని వాచ్‌లో రేడియో నాలుగుకి పది నిమిషాల ముందు తెరుచుకుంటుంది. ఒక్క నిమిషం. ఆలోపు మనం చోటు చెప్పకపోతే అతను నేరుగా వాళ్ళ వలలోకి వెళ్తాడు. ఆ తల్లీబిడ్డలు ఎక్కడో వీధిలో నిలబడి ఉంటారు. వాళ్ళకోసం వచ్చేది ముఠాయే."

"మెషీన్ తెరిస్తే సరిపోతుంది కదా, సార్?"

డైరెక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదే స్టార్ట్ కావడం లేదు."

బాబాయి గదిలో టెక్నీషియన్ నేల మీద మోకాళ్ళమీద కూర్చుని ఉన్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. అందరూ ఆయన్ని స్క్రూడ్రైవర్ అంటారు. డెస్క్‌టాప్ ఒక పక్క తలుపు ఊడదీసి ఉంది. స్క్రీన్ నల్లగా ఉంది. స్టార్ట్ కావడానికి కావలసిన బూట్ డివైస్ దొరకలేదని పైన ఒక వరుస, దాని కింద మిణుకు మిణుకుమంటూ ఒక చిన్న గీత.

"ఏం చేశావన్నా?"

"రూల్ ప్రకారమే చేశానమ్మా. చనిపోయిన ఏజెంటు డిస్క్‌ని వెంటనే కొత్తదాంట్లోకి కాపీ చెయ్యాలి. అసలుని మరలో వేసి నుగ్గు చెయ్యాలి. పన్నెండున్నరకల్లా రెండూ అయిపోయాయి. కాపీ అక్షరం పొల్లుపోలేదు."

"మరి?"

"అది తెలిస్తే నీ మొహం ఇలా చూస్తూ ఎందుకు కూర్చుంటాను తల్లీ?"

కేబుల్ మార్చాడు. నల్ల స్క్రీన్. సెటప్‌లోకి వెళ్ళి బూట్ ఆర్డర్‌లో కొత్త డిస్క్‌ని ముందుకు తెచ్చాడు. నల్ల స్క్రీన్. పాత పద్ధతి బూట్, కొత్త పద్ధతి బూట్, రెండూ చూశాడు. రిపేర్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. పది శాతం దాకా వెళ్ళి, చెయ్యలేనని అదే చెప్పింది. రెండున్నర అయింది. మూడైంది. తూనీగ ఆరు దేశాల్లో తాళాలు తీసింది. ఈ గదిలో ఆమె చేయగలిగింది టార్చ్ పట్టుకోవడం ఒక్కటే.

టేబుల్ అంచున డిపార్ట్‌మెంట్ అనువాదకురాలు దుబాసీ కూర్చుని ఉంది. ఏడు భాషలు వచ్చు. ముత్యాల రంగు గ్లౌజులు, మెడ దగ్గర బ్రోచ్, ఆమె వచ్చిందని ఆమెకన్నా ముందే చెప్పే సెంటు. ఆమె డబుల్ ఏజెంటు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటోందని డిపార్ట్‌మెంట్ నమ్మకం.

"పాపం బాబాయి. పోతూ పోతూ మెషీన్‌ని కూడా వెంట తీసుకెళ్ళాడు," అంది దుబాసీ.

టార్చ్ వెలుగు మదర్‌బోర్డ్ మీద ఒకచోట ఆగింది. చూయింగ్‌గమ్ ముక్కంత స్టిక్.

"అన్నా, ఇదేమిటి?"

స్క్రూడ్రైవర్ వంగి చూశాడు. దాని మీది చిన్న అక్షరాలు చదివాడు.

"చచ్చాం. ఇది హైబ్రిడ్."

"అంటే?"

"పెద్ద డిస్క్ బీరువా అనుకో. ఇది చొక్కా జేబు. రాసిందల్లా ముందు జేబులో పడుతుంది. తీరిక దొరికాక బీరువాలోకి వెళ్తుంది. రెండూ కలిస్తేనే ఒక డ్రైవ్. నేను బీరువా మార్చాను, జేబు సంగతి చూసుకోలేదు. కొత్త డిస్క్‌ని ఇది తన జంట అని ఒప్పుకోవడం లేదు. పాతదేమో పొడైపోయింది." నుదురు కొట్టుకున్నాడు. "ఆ రూల్ రాసిన రోజుల్లో డ్రైవ్ అంటే ఒకటే ముక్కమ్మా."

సెటప్‌లో లోపలి పేజీ తెరిచాడు. జంట తెగిపోయింది, రీసెట్ చేయాలా అని ఉంది.

"నొక్కేయండి మరి," అంది దుబాసీ. "నాకు కంప్యూటర్ల ఓనమాలు కూడా రావు కానీ, రీసెట్ అంటే బాగుచేయడమే కదా. డేటా ఉంచాలా అంటే నో అనండి. చిటికెలో స్టార్ట్ అవుతుంది."

స్క్రూడ్రైవర్ నొక్కాడు. పేజీ మారింది. 'యూజర్ డేటా ఉంచాలా? యెస్, నో.'

తూనీగ ఆ వరుసను రెండుసార్లు చదివింది. స్క్రీన్ ఇంకా ప్రశ్న అడగకముందే దుబాసీ జవాబు చెప్పింది. ఆమె ఈ పేజీని ఇదివరకే చూసి ఉండాలి. లేదా ఎవరో నేర్పి పంపి ఉండాలి.

తూనీగ స్క్రూడ్రైవర్ మణికట్టు పట్టుకుంది. "ఎస్కేప్ నొక్కన్నా. స్టిక్ ఊడదియ్యి. నీ లాప్‌టాప్‌కి తగిలించు. స్టార్ట్ చేయొద్దు. అక్షరాలు వెతుకు, చాలు."

"సగం సగం ముక్కలుంటాయమ్మా. తలా తోకా ఉండదు."

"ఉన్నంతే చాలు."

మూడూ నలభై ఆరుకి 'స్టేషన్' అన్న మాట దొరికింది. చుట్టూ చెత్త గుర్తులు, నడుమ బాబాయి రాసిన నాలుగు మాటలు: 'స్టేషన్ వద్దు. కళ్ళజోళ్ళ షాపు వెనక గుమ్మం. పిల్లకి జలుబు, దుప్పటి పెట్టమను.' దాని కింద: 'దుబాసీ సంగతి ఇవాళే తూనీగతో'. అక్కడితో ఆగిపోయింది.

తూనీగ లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

"దొరికింది. మ్యూజియం మెట్లు," అంది పైకి.

"అదేంటమ్మా, ఇక్కడ..." అన్నాడు స్క్రూడ్రైవర్. తూనీగ మడమ ఆయన కాలి మీద పడింది. "అబ్బా! అవును, మ్యూజియమే."

దుబాసీ బ్రోచ్ సవరించుకుంది. వేళ్ళు అక్కడ కాసేపు నిలిచాయి. "హమ్మయ్య. ఒక్క ఫోన్ చేసుకుని వస్తానక్కా."

ఆపడానికి తూనీగ కోటులో పిస్టల్ ఉంది. కానీ ఆ బ్రోచ్‌లోని మైకుతో పంపిన కబురు నిజమని ముఠా నమ్మాలంటే దుబాసీ ఈ భవనం నుంచి మామూలుగా బయటికి నడవాలి. మెట్ల మీద హీల్స్ చప్పుడు మూడు అంతస్తులూ దిగేదాకా వింటూ ఆమె అలాగే నిలబడింది.

మూడూ యాభై. టేబుల్ మీది రేడియో గరగరలాడింది.

"ఉత్తరాలున్నాయా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"ఒకటే ఉంది. కళ్ళజోళ్ళ షాపు వెనక గుమ్మం. దుప్పటి తీసుకెళ్ళు."

"దుప్పటా?"

"పాపకి జలుబు."

లైన్ పోయింది.

నాలుగూ పదికి డైరెక్టర్ వచ్చాడు. ముఠా కార్లు స్టేషన్ వదిలి మ్యూజియం చుట్టూ తిరుగుతున్నాయని చెప్పాడు. నాలుగున్నరకు ఫోన్ మోగింది. తల్లీబిడ్డలు చేరారు. పాప కారు నిండా తుమ్ముతోందట. పోస్ట్‌మాన్‌కి కూడా పట్టుకున్నట్టుందట.

"భేష్," అన్నాడు డైరెక్టర్. "దుబాసీ ఏదీ?"

తూనీగ ఆ సగం వాక్యం చూపించింది. ఆయన మనుషులు గేటు దాకా పరుగెత్తారు. రోడ్డు మీద సాయంత్రపు జనం తప్ప ఎవరూ లేరు.

స్క్రూడ్రైవర్ సర్వీస్ ఫారం తీశాడు. 'సమస్య: కంప్యూటర్ స్టార్ట్ కావడం లేదు.' పరిష్కారం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఏం రాయమంటావమ్మా?"

"నిజం రాయి."

తూనీగ కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆగిపోయిన ఆ వాక్యం దగ్గర నుంచి ముక్క తర్వాత ముక్క చదవడం మొదలుపెట్టింది. ఇంకా పదహారు లక్షల ముక్కలున్నాయి. బాబాయిని చంపింది ఎవరో కాగితం మీద రుజువు కాలేదు. కంప్యూటర్ స్టార్ట్ కాలేదు.