ఒకే చోట చిరిగిన మూడు పైపులు

పొద్దున ఏడింటికి బయల్దేరిన టాక్సీ ఎనిమిదిన్నరకల్లా నల్లటి పొగ కక్కుతూ, ముక్కుతూ మూలుగుతూ ఇల్లు చేరింది. నడిపేది ఆ ఇంటి అమ్మాయే. బానెట్ ఎత్తింది. ఇంకేముంది, టర్బో నుంచి ఇంజనుకు గాలి తీసుకెళ్లే లావుపాటి రబ్బరు పైపు మళ్లీ చిరిగింది. నెలన్నరలో ముచ్చటగా మూడోసారి.

మొదటి రెండుసార్లూ కొత్త పైపు బిగించింది నాన్నే. నలభై ఏళ్లు మెకానిక్కుగా చేసిన మనిషి.

"విమానం ఎక్కాల్సినావిడని నడిరోడ్డు మీద దింపేశాను నాన్నా!"

"ఇప్పుడొచ్చే రబ్బరే అంత తల్లీ, నాసిరకం" అన్నాడాయన.

"ఆడలేక మద్దెల ఓడందట! కప్పు పట్టుకుంటేనే వణుకుతున్నాయి నీ చేతులు. వాటితో పైపు క్లిప్పేం బిగుస్తుంది?"

ఆయన లోపలికెళ్లి పానాల పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "పనికొచ్చేవాళ్లెవరికైనా ఇచ్చెయ్. నాకిక చేతకాదు" అని వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాడు.

"నోటికెంతొస్తే అంత అనేయడమేనా?" అమ్మ విసురుగా వచ్చి, ఆయన దాచిన పాత పైపులు రెండూ పెట్టె పక్కన పడేసింది. "ఇవి కూడా ఇచ్చెయ్. పీడా పోతుంది!"

అమ్మాయికి అప్పటికే మనసు చివుక్కుమంది. ఏం చెయ్యాలో తోచక మూడో పైపు ఊడదీసి ఆ రెండింటి పక్కన పెట్టింది. పెట్టి, అలాగే చూస్తూ ఉండిపోయింది. మూడూ ఒకే చోట చిరిగాయి, వంపు దగ్గర. క్లిప్పు బిగించిన చోట మాత్రం గాజు పెట్టి ఒత్తినట్టు గుండ్రంగా, చెక్కుచెదరని గుర్తు. బిగింపు వదులైతే పైపు అక్కడ జారిపోవాలి. జారలేదు. ఏదో లాగితే చిరిగింది.

"అమ్మా, ఇంజను చూస్తూ ఉండు" అని తను లోపల కూర్చుని యాక్సిలరేటరు తొక్కింది.

"అమ్మో! ఇది ఎగిరి నా మీదకొస్తోందే!"

దిగి వంగి చూస్తే, ఇంజనును పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు విరిగిపోయి ఉంది. తొక్కినప్పుడల్లా ఇంజను ఎగిరి, పైపును లాగేస్తోంది.

పైపులు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఆయన చేతులు రెండూ మోకాళ్ల మధ్య దాచుకుని కూర్చున్నాడు. ఆమె పైపుల మీది క్లిప్పు గుర్తు చూపించింది.

"నువ్వు బిగించింది వెంట్రుకవాసి కూడా కదల్లేదు నాన్నా. విరిగింది మౌంటింగ్. అనరాని మాట అన్నాను నిన్ను."

ఆయన ఆ గుర్తు మీద బొటనవేలు తిప్పాడు. "పైపు చిరిగితే పైపే మార్చాను. ఎందుకు చిరిగిందని చూడొద్దూ నేను? అదీ తప్పే" అని లేచి, గుమ్మంలో పెట్టె అందుకున్నాడు.

మధ్యాహ్నానికి మౌంటింగూ కొత్త పైపూ వచ్చాయి. బరువు పని కూతురిది, క్లిప్పుల పని నాన్నది. గాలిలో వణికిన చెయ్యి స్క్రూ మీద ఆనగానే కుదురుకుంది.

సాయంత్రం టాక్సీని ఎత్తు రోడ్డు ఎక్కించింది. పొగ లేదు, మూలుగు లేదు.

"పొద్దున ఏదో సామెత చెప్పావు?" అన్నాడు నాన్న పక్క సీట్లోంచి.

"మద్దెల నిజంగానే ఓడు నాన్నా" అంటుంటే ఆమెకు నవ్వుతోపాటు ఏడుపూ వచ్చేసింది.

"ముందు రోడ్డు చూసి నడుపు" అన్నాడు నాన్న, తన కళ్లు తుడుచుకుంటూ.