ఏదో ఒక కీ నొక్కాలి

"ఏవండోయ్, బూట్లు!"

కంప్యూటర్ గదిలోకి అడుగుపెట్టబోతున్న శాంతిరాజు ఠక్కున ఆగాడు. ఏసీ చలికి శాలువా కప్పుకుని కూర్చున్న అమ్మాయి వేలితో గుమ్మం బయటికి చూపించింది.

"సర్వీస్ ఇంజనీర్నండి. కాకినాడ నుంచి."

"అయితే మీ బూట్లకి దుమ్ముండదాండి?"

విప్పక తప్పలేదు. ఎడమ సాక్సు చిల్లులోంచి బొటనవేలు తొంగిచూసింది. ఆ పిల్ల నవ్వాపుకోడానికి కీబోర్డు మీదికి వంగింది. పేరు ఫిలోమినా. యానాంలోని ఆ రొయ్యల కంపెనీకి ఆపరేటర్. అది ఎనభై ఎనిమిదో సంవత్సరం.

కంప్యూటర్ని నడిపే డాస్ ప్రోగ్రాంలో హెడ్డాఫీసు వాళ్ళు మార్పులు చేసి ఫ్లాపీలు పంపినప్పుడల్లా, శాంతిరాజు వచ్చి వాటిని ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ ఎక్కించాలి. ఫ్లాపీ పెట్టడం, కమాండు కొట్టడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం. రోజంతా పట్టేది. ఆ రోజంతా ఫిలోమినా ఆటపట్టించేది.

"మీ డాస్‌కి మళ్ళీ జ్వరమొచ్చిందాండి?"

"ఇంజెక్షనివ్వడానికే వచ్చానండి."

"మరి సాక్సులు కొన్నారా, కుట్టించుకున్నారా?"

ఆమె మెప్పు కోసమే బుర్ర బద్దలు కొట్టుకుని ఒక బ్యాచ్ ఫైలు రాసి అక్కడి కంప్యూటర్లలో పెట్టాడు. ఫ్లాపీ పెట్టి దాని పేరు కొడితే చాలు, పనంతా దానంతటదే అయిపోతుంది. బయట వాన కురుస్తుంటే చేసి చూపించాడు. ఫిలోమినా నవ్వలేదు.

"మధ్యలో ఎక్కడన్నా పాజ్ పెట్టండి."

"పెడితే ఎవరో ఒకరు కీ నొక్కేదాకా కదలదండి. మనిషి పక్కనే కూర్చోవాలి. ఎందుకు దండగ?"

"కూర్చుంటే ఏం?" అని ఆమె వాన వైపు తిరిగిపోయింది.

మేనేజర్ ఉమామహేశ్వరం గారు మాత్రం భుజం తట్టారు. "శభాష్! ఇక నువ్వు రానక్కర్లేదయ్యా. ఫ్లాపీ పోస్టులో పడేస్తే మా అమ్మాయే ఎక్కించేసుకుంటాది."

అప్పుడు తెలిసింది శాంతిరాజుకి, తను ఎంత పని చేశాడో!

కాకినాడ నుంచి యానాం బస్సులో గంట. ఆ గంట దూరానికి అతనికి ఒక వంక కావాలి. ఒకటి రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళాడు. ఏం పనిమీదొచ్చారండీ అని ఆమె అడిగితే, నిన్ను చూడ్డానికే అని చెప్పే ధైర్యం లేక తిరిగొచ్చేశాడు. మనసంతా ఆమే. కొత్త ఫ్లాపీ మాత్రం రాలేదు.

ఎండలు ముదిరాక ఒకటొచ్చింది. పోస్టు చేశాడు. కొన్నాళ్ళకే ఉమామహేశ్వరం గారి ఫోను. "మధ్యలో ఆగిపోతందంటయ్యా. ఓసారి రావాలి."

కొత్త సాక్సులు వేసుకుని పరుగెత్తాడు. గుమ్మం బయటే బూట్లు విప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఫిలోమినా కుర్చీలో మరో అమ్మాయి ఉంది. పేరు వీరవేణి అంది.

"ఫిలోమినా గారు..."

"ఈస్టర్ వెళ్ళగానే అక్కకి పెళ్ళయిపోయిందండి. పాండిచ్చేరి వెళ్ళిపోయింది."

స్క్రీన్ మీద పని సగంలో ఆగి ఉంది. ఏదో ఒక కీ నొక్కమంటోంది. అతను రాసిన ఫైల్లో ఆ పాజ్ లేదు.

"ఆ పాజ్, సంబంధం వచ్చినప్పుడు అక్కే పెట్టిందండి," మెల్లగా అంది వీరవేణి. "నాకు పని నేర్పుతా చెప్పింది. కొత్త ఫ్లాపీ వస్తే ఇది ఆగుద్ది, ఆగితే ఆయనొస్తారు, వచ్చి ఒక్క మాటంటే ఇంట్లో ఎదిరించి నిలబడతాను అనేది. రోజూ పోస్టుమేన్ కోసం చూసేదండి."

"మరి... మీరు కీ నొక్కెయ్యలేదేం?"

"నొక్కబుద్ధి కాలేదండి. అందుకే ఆగిపోయిందని సార్‌కి చెప్పాను."

శాంతిరాజు కూర్చున్నాడు. అక్షరాలు అలుక్కుపోయి కనిపించలేదు. చాలాసేపటికి ఒక కీ నొక్కాడు.

మిగతా పనంతా, అతను రాసినట్టే, దానంతటదే అయిపోయింది.