పట్టీ తీసిన గిటారు

1998 మే నెల. బాన్సువాడలో మహిపాల్ అన్న ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. నస్రుల్లాబాద్ పెళ్లి ప్రోగ్రాం రేపనగా నా గిటారు మెడ విరిగింది.

"గిటారు లేకుంటే రాకు ప్రసాద్. పిట్లం పిలగాడు గిటారుతోని తయారుగున్నడు," అన్నాడు అన్న. నాకున్నది ఆ ఒక్క పనే.

బిచ్కుందలో ఒకటుందంటే పరుగెత్తాను. దేవిదాస్ అని, చనిపోయిన ఒక వాయిద్యగాడి గిటారు. ఆయన భార్య గౌరీబాయి తీసిచ్చింది. హవాయి గిటారది. ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించాలి. అందుకే మెడ చివర ఒక పట్టీ బిగించి తీగల్ని ఎత్తుగా లేపారు.

"గా పట్టీ తియ్యకు తమ్మీ. కడ్డీతోనే వాయించు. వేళ్లు ఆనియ్యకు," అంది.

నాకు కడ్డీ వాయింపు రాదు. ఇంటికి రాగానే పట్టీ పీకేశాను. తీగలు దిగాయి. ఇప్పుడది మామూలు గిటారే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తీగలు నొక్కాను. వెచ్చగా ఉన్నాయి... మెత్తగా. వేళ్లకు ఏదో జిగురంటింది. పుండు కట్టు విప్పినప్పటి కంపు! స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచాను. తుడిచిన గుడ్డకు తడి చర్మం పొరలుగా వచ్చింది. నాదేమోనని వేళ్లు చూసుకున్నాను. నాది కాదు. గుమ్మంలోనే వాంతి చేసుకున్నాను. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

అయినా మర్నాడు వెళ్లాను. నాకు రాని పాటలు కూడా పలికాయి. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో వాళ్లు మాత్రం ముక్కు మూసుకున్నారు. తీగల నుంచి చీము నా ప్యాంటు మీద కారుతోంది. నేను ఆపాలనుకున్నాను... వేళ్లు ఆగలేదు.

ప్రోగ్రాం అయ్యాక మహిపాల్ అన్న గిటారు గుర్తుపట్టి గుసగుసగా అడిగాడు.

"పట్టీ ఏది? దేవిదాస్ ఎడమచెయ్యి చెరుకు గానుగల పడ్డది. బొటనవేలు తప్ప అన్నీ పోయినయ్. అప్పటిసంది చేతికి కడ్డీ కట్టుకోని వాయించిండు."

తెల్లారగానే గిటారు తిరిగిచ్చేద్దామని బిచ్కుంద వెళ్లాను. గౌరీబాయి గిటారు వంక చూడలేదు. నా ఎడమచెయ్యి పట్టుకుని వాసన చూసింది. కళ్లకద్దుకుంది. లోపలికెళ్లి బ్లేడు తెచ్చింది.

"ఏమయ్యా... గోళ్లు ఎంత పెరిగినయో చూడు," అంది. నాతో కాదు.

చెయ్యి లాక్కోబోయాను. రాలేదు. నాలుగు వేళ్లూ వాటంతటవే ఆమె మోకాలి మీద నెమ్మదిగా పరుచుకున్నాయి. నా బొటనవేలొక్కటే వణుకుతోంది.