నీకు హెయిర్‌నెట్ దండగ

"హెయిర్‌నెట్ ఏది?"

ఫ్యాక్టరీ తలుపు దగ్గర దుర్గాభవాని చెయ్యి అడ్డం పెట్టింది. పది రోజుల సెలవు తర్వాత డ్యూటీకి వచ్చిన మనిషిని ఎవరైనా ముందు బాగున్నావా అని అడుగుతారు. ఈమె హెయిర్‌నెట్ అడిగింది.

"టోపీ ఉంది గద మేడమ్," అన్నాను.

"గది దవాఖానాల పెట్టుకునే టోపీ. వదులుగ ఉంది. మసాలల వెంట్రుక పడితే జవాబెవరు జెప్పాలె?"

"వెంట్రుక ఉంటే గద పడేది!"

రెండు చేతులతో, తలకు ఎక్కడా తగలకుండా, టోపీ ఎత్తి చూపించాను. గుండు. ముందు భాగమంతా ఎర్రటి చుక్కలు.

"యాదగిరిగుట్టకు పోయిన. మొక్కు," అన్నాను.

ఆమె నా తలను ఈ చెవి నుంచి ఆ చెవి దాకా చూసింది. మా మసాలా ఫ్యాక్టరీలో రోజూ అరవై తలలు పరీక్షించి లోపలికి పంపేది ఆమే.

"ముందట గా చుక్కలేంది?"

"చెమటకాయలు."

"వానాకాలంల?"

"నా ఒళ్లు వేడి మేడమ్."

"సరె. సోమవారం దాకా లైన్ మీదికి రావద్దు. డిస్పాచ్ రూముల కూసొని లేబుళ్లు చూసుకో."

ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని, నాలుగేళ్ల సర్వీసు, నన్ను లేబుళ్లు చూసుకోమంది! ఒళ్లు మండిపోయింది. పైగా ఇదంతా ఎవరి కోసం చేసుకున్నాను? ఈమె కోసమే.

ఆరు నెలల కింద ఇదే తలుపు దగ్గర, వెనక ఇరవై మంది నిలబడి ఉండగా, "ఉపేందర్, నీకు హెయిర్‌నెట్ దండగ!" అని నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లి అద్దం ముందు నిలబడితే మాత్రం నవ్వు రాలేదు. ఇరవై తొమ్మిదేళ్లకే నుదురు నడినెత్తి దాకా పాకింది.

ఫ్యాక్టరీలో అందర్నీ అన్నా అని పిలిచే పిల్ల, నన్నొక్కడినే పేరు పెట్టి పిలుస్తుంది. ఆ ఒక్క ఆశ మీదే ఏడాదిగా బతుకుతున్నాను. జుట్టొచ్చాక అడుగుదామనుకున్నాను. వెళ్లి తలంతా గొరిగించుకుని, వెనక జుట్టు తీయించి ముందు నాటించుకున్నాను. రెండు వేల నాలుగు వందల వెంట్రుకలు.

డాక్టరు పదిహేను రోజులు తల ముట్టొద్దన్నాడు. గోకొద్దు, వంగొద్దు, వానలో తడవొద్దు, పడుకోవద్దు. అంటే పడుకోవచ్చు, కానీ కూర్చుని! చిల్కానగర్‌లో నా గదిలో మంచం మీద మూడు దిండ్లు పెట్టి, బస్సులో నిద్రపోయే ప్రయాణికుడిలా పది రోజులు గడిపాను. టీ షర్టు వేసుకోవద్దు, తల దూర్చాలి కాబట్టి. హెల్మెట్ వద్దు, అంటే బండీ వద్దు. గంటకోసారి ఉప్పునీళ్లు స్ప్రే కొట్టుకోవాలి. దురద మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. మిరపపొడి గాల్లో ఎగిరే ఫ్యాక్టరీలో, తల దురద పెడుతుంటే, చేతులు జేబులో పెట్టుకుని నిలబడడం ఎంత నరకమో నాకు తెలుసు.

గుట్ట పేరు చెప్పమని సలహా ఇచ్చింది మిక్సింగ్‌లో పనిచేసే కొమురెల్లి. "అన్నా, మన దిక్కు గుండు జూసి ఎందుకని ఎవ్వడడుగడు. మొక్కు అను, ఒడిసిపాయె."

నిజమే, ఎందుకని ఎవ్వరూ అడగలేదు. "ప్రసాదం ఏది?" అని అడిగారు. ప్రతి ఒక్కరూ! లంచ్‌లోపు పద్నాలుగు మంది. పదిహేనోవాడు అడుగుతూ అడుగుతూ నా గుండు మీద ఒక్కటి చరచబోయాడు. ఎగిరి గోడకు ఆనుకున్నాను. గుండు కనపడితే మనవాళ్ల చెయ్యి ఊరుకోదు కదా.

చివరికి కొమురెల్లి ఉప్పల్ వెళ్లి స్వీట్ షాపు నుంచి లడ్లు పట్టుకొచ్చాడు. అందరూ కళ్లకద్దుకుని తిన్నారు. నేను నేల చూశాను. భవాని మాత్రం రెండు తీసుకుంది.

"ఒకటి మా నాయనమ్మకు," అంది.

శుక్రవారం సాయంత్రం వాన పట్టుకుంది. ఆటో ఒక్కటీ ఆగలేదు. బస్టాప్ దాకా ఇద్దరికీ నా గొడుగే దిక్కయింది. ఆమె భుజం నా భుజానికి తగులుతోంది, దుపట్టా కొస నా చేతి మీద పడుతోంది. ఏడాదిగా ఇలాంటి వాన కోసమే చూశాను. ప్రేమించినవాడు ఇలాంటప్పుడు గొడుగు పిల్ల వైపు వంచుతాడు.

నేను నా వైపు వంచుకున్నాను.

"ఉపేందర్."

"మేడమ్?"

"గొడుగంత నీ మీదనే ఉంది."

"అవునా!" అన్నాను. చెయ్యి మాత్రం ఒక్క అంగుళం కదల్లేదు. నా బతుకు మీద నాకే అసహ్యమేసింది. ఆమె సగం తడిసిపోయి, దుపట్టా నెత్తిన వేసుకుని, నన్ను అదోలా చూసింది. కోపమో నవ్వో అర్థం కాలేదు.

"మా నాయనమ్మ లడ్డు తిన్నది," అంది. "ఈ కాలంల దేవునికి జుట్టిచ్చే పిల్లగాడెవడే, నాకొకసారి జూపియ్యమంటుంది. ఆదివారం ఇంటికి రా."

ఏడాదిగా ఎదురుచూసిన పిలుపు, చెప్పిన అబద్ధానికి బహుమతిగా వచ్చింది. ఆ రాత్రి కూర్చుని కూడా నిద్ర పట్టలేదు.

ఆదివారం పద్నాలుగో రోజు. ఇంకొక్క రోజు గడిస్తే గండం గట్టెక్కినట్టే. నాచారం పాత ఊళ్లో వాళ్ల ఇల్లు. ఒకప్పుడు వరి పండించిన కుటుంబం, ఇప్పుడు భవాని నాన్న సిద్దయ్య అక్కడే హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. లోపల్నుంచి నాయనమ్మ ఈరమ్మ మెల్లగా వచ్చింది. చేతిలో గంధం గిన్నె!

"వంగు బిడ్డా. గుండు మీద గంధం పెడ్త, సల్లగుంటది."

"అవ్వా, ఆగు!" కుర్చీతో సహా వెనక్కి జరిగాను.

"ఏంది బాబూ, గంధం పడదా?" అన్నాడు సిద్దయ్య.

అవునంటే అయిపోయేది. దారి ఆయనే చూపించాడు. నేను తలూపబోయాను, ఎంత ఊపొచ్చో అంత. ఈరమ్మ గిన్నె కింద పెట్టింది.

"పడకుంటె పాయె. వట్టి చెయ్యన్న పెట్టనియ్యి. మోకాళ్లు పోయిన కాన్నుంచి గుట్ట ఎక్కలే బిడ్డా. ఆరేండ్లాయె. నువ్వు తెచ్చిన లడ్డు నోట్లె ఏసుకుంటె దేవుణ్ణి జూసినట్టే అనిపించింది."

ఆమె కళ్లు తడిశాయి. జుట్టు పోతే పోయింది, ఈ ముసలామెను మోసం చేసి ఈ ఇంట్లో చాయ్ తాగలేననిపించింది. నిజం చెబితే భవాని నాకు దక్కదని తెలుసు. అయినా నోరు తెరిచాను.

"అవ్వా, నేను గుట్టకు పోలే. గా లడ్డు ఉప్పల్ స్వీట్ షాపుది. ఇది మొక్కు గుండు కాదు. ముందట జుట్టు ఊడిందని, వెనకది తీసి ముందట నాటిచ్చుకున్న. నన్ను మాఫ్ చెయ్యి."

సిద్దయ్య ముఖం గంటు పెట్టుకున్నాడు. ఈరమ్మ నా తల దగ్గరికి వంగి, కళ్లు చికిలించి చూసింది.

"నాటుడేంది? నారు లెక్కనా?"

"నారు లెక్కనే అవ్వా. వేరు పట్టేదాక ముట్టొద్దన్నరు."

"ముట్టొద్దు మరి!" అని చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "ముందుగాల జెప్పొద్దా పిచ్చి పోరడా! వేరు పట్టకముందే ఎవడన్న కదిలిస్తడా?"

"ఉన్న జుట్టుతోని ఏమాయె బాబూ? గింత తిప్పలెందుకు?" సిద్దయ్య అడిగాడు.

నాలుగేళ్ల మర్యాద, ఏడాది పిరికితనం, పద్నాలుగు రోజుల దురద, అన్నీ ఒకేసారి బయటికొచ్చాయి.

"మీ బిడ్డనే అడుగుండ్రి! నాకు హెయిర్‌నెట్ దండగన్నది. ఇరవై మంది ముందట!"

తలుపు దగ్గర నవ్వాపుకుంటున్న భవాని ముఖం ఒక్కసారిగా వాడిపోయింది.

"గది ఎగతాళికన్న. గా ఒక్క మాటకు తలంత పొడిపిచ్చుకున్నవా?"

"నువ్వన్న మాట గద," అన్నాను. మేడమ్ అనడం మర్చిపోయాను. "ఇంకెవరన్నా నాకు ఫికర్ లేకుండె. నువ్వు నాకిష్టం. జుట్టొచ్చినంక చెప్దామనుకున్న. ఇప్పుడే చెప్పవలసొచ్చింది, గుండుతోని."

ఆమె కాసేపు కాలి బొటనవేలు చూసుకుంది.

"నువ్వు డ్యూటీకొచ్చిన బుధవారమే నాకు తెల్సు. మొక్కు గుండుకు వెనక గూడ చుక్కలుంటయా? గుట్ట లడ్డు మీద చెర్రీ పండు పెడ్తరా? లైన్ మీద ఎవరన్న తల మీద కొడ్తరని డిస్పాచ్ రూముల కూసోవెట్టిన. నువ్వేమో మూతి ముడుసుకున్నవ్."

"మరి ముందే ఎందుకడగలే?"

"నువ్వే నిజం చెప్తవేమోనని చూసిన, ఇంట్ల గూడ చెప్పలే. వానల గూడ చెప్పలే. నన్ను తడిపినవ్ గని చెప్పలే!"

"మీ ఇద్దరి పంచాయితీ తర్వాత," అంది ఈరమ్మ. "దేవుని పేరు మీద అబద్ధమాడినవ్ గద పోరడా? ఇగ గది నిజం మొక్కే. జుట్టంత మొలిచినంక గుట్టకు పోయి ఇయ్యాలె."

"మొత్తమా అవ్వా?"

"సగమిస్తరా ఎవరన్న? ఒక్కనివే కాదు, లగ్గం జేసుకొని జంటగ పోవాలె. నాకు అసలు లడ్డు తేవాలె. ఏమంటవ్ సిద్దయ్యా?"

సిద్దయ్య కూతురి వైపు చూశాడు. భవాని తలెత్తలేదు గానీ, కాదని కూడా అనలేదు. ఆయన ముఖం మెల్లగా తేటపడింది. "నువ్వన్నంక నేనేమంట అమ్మా," అన్నాడు.

పద్నాలుగు రోజులు కూర్చుని పడుకుని కాపాడుకున్న జుట్టు! అది ఇంకా మొలవనైనా మొలవలేదు, అప్పుడే దేవుడి ఖాతాలోకి వెళ్లిపోయింది.

"ఇస్త అవ్వా," అన్నాను.

ఈరమ్మ దీవించడానికి చెయ్యెత్తింది, తల దాకా తెచ్చి, ఆపి, నా చెంప మీద పెట్టింది. గరుకు చెయ్యి. చాలాసేపు తీయలేదు.

సోమవారం లైన్ మీదికి వెళ్లాను. మరో వారానికి, నాటినవన్నీ రాలిపోవడం మొదలైంది! దిండు మీద, కాలర్ మీద, చేతుల్లో. ఇది మామూలే, మూడు నెలలకు మళ్లీ మొలుస్తాయని డాక్టరు చెప్పాడు. నేను నమ్మలేదు. పొద్దున్నే ఫ్యాక్టరీ తలుపు దగ్గర భవాని ముందు టోపీ తీసి చూపించాను.

"చూడు! అన్నీ పోయినయ్. ఇప్పుడేం జేయాలె?"

"నాయనమ్మను అడిగిన. నాటేసినంక నారు ఒకపారి వాడుతదంట, మళ్ల పచ్చగైతదంట. ఆగాలె."

"ఎన్నాళ్లాగుతవ్?"

"నేనెటు పోత?" అంది. జేబులోంచి కొత్త హెయిర్‌నెట్ తీసి, ఎలాస్టిక్ రెండు చేతులతో సాగదీసి, నా తలకు తగలకుండా మెల్లగా తొడిగింది. వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు.

"నీకు హెయిర్‌నెట్ దండగ," అంది, నాకు మాత్రమే వినపడేలా. "అయినా పెట్టుకో. రోజు నేనే పెడ్త."