హెల్మ్ గాలిలో పిలుపు

క్రాస్ ఫెల్ కొండ వాలులో ఓ రాతి గుడిసె ఉంది. పగలు గొర్రెలు దాని నీడన పడుకుంటాయి. చీకటి పడ్డాక మాత్రం మా లోయలో ఎంత మొనగాడైనా అటు తొంగిచూడడు.

కొండ నెత్తిన తెల్లటి మబ్బు బిగుసుకుందంటే హెల్మ్ వస్తున్నట్టే. హెల్మ్ అంటే పాతకాలపు సైనికుల ఇనప టోపీ. ఆ మబ్బుకీ అదే పేరు, దాని కిందనుంచి దూకే గాలికీ అదే పేరు. బడిపంతులు చెప్పేది అంతే.

ముసలి మార్గరీ ఒప్పుకోదు. "ఎప్పుడో ఓ సాధువు కొండమీద సిలువ పాతి తరిమేసిన దెయ్యాలు, ఆ టోపీ పెట్టుకుని దిగొస్తాయి. మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తాయి. పలికామా... ఇక అంతే సంగతులు!"

రెండేళ్ళ కిందట ఓ హెల్మ్ రాత్రి ఆ గుడిసెలోంచి ఎవరో పిలిచారు. మార్గరీ ఇంట్లో ఎవర్నీ పలకనివ్వలేదు, తలుపు తియ్యనివ్వలేదు. తెల్లారి చూస్తే, అక్కడ చలికి ప్రాణం పోయి కొయ్యబారి ఉన్నది ఆమె చిన్నకొడుకు నాథన్. వదినా వదినా అంటూ వెంట తిరిగిన మరిది... పెద్దకోడలు డైనా ఆనాటినుంచి కంటినిండా నిద్రపోలేదు.

ఈ ఏప్రిల్‌లో మళ్ళీ హెల్మ్. ఈనబోయే గొర్రెల్ని తోలుకొస్తానని పొద్దున వెళ్ళిన డైనా మొగుడు ఆమోస్, పొద్దుగూకినా రాలేదు. ఇంటికప్పు ఊగేట్టు గాలి హోరెత్తుతోంది. ఆ హోరులో — ఓ పిలుపు. మాటేమిటో తెలియడంలేదు.

డైనా లాంతరు అందుకుంది.

"వద్దే తల్లీ!" మార్గరీ తలుపుకి అడ్డం నిలబడింది. "అది వాడు కాదు."

"అప్పుడూ ఇదే అన్నావత్తా."

ముసలిది పక్కకి తప్పుకుంది.

లాంతరు గుమ్మం దాటగానే ఆరిపోయింది. రాతిగోడ పట్టుకుని, నిలబడలేనిచోట పాకుతూ, డైనా పిలుపు వెంటే పైకెక్కింది. తీరా గుడిసె చేరేసరికి... పిలుపు ఆగిపోయింది.

లోపల ఆమోస్. కూలిన గోడరాళ్ళ కింద కాలు నలిగి, ఒళ్ళంతా చల్లబడి — కానీ ప్రాణం ఉంది!

డైనా అతన్ని వాటేసుకుని బావురుమంది. "నువ్వు పిలుస్తూనే ఉన్నావు కాబట్టి రాగలిగాను..."

ఆమోస్ తల అడ్డంగా ఊపాడు. చెవి ఆనిస్తేగాని మాట వినపడలేదు. "నేను కాదే... అరిచి అరిచి మధ్యాహ్నానికే గొంతు పోయింది."

"మరి..."

అతను ఖాళీ గుమ్మంవైపు చూశాడు.

"నాకూ వినిపించింది. అదుగో, అక్కడ నిలబడి... 'వదినా' అని."