అసలు పేరు చెరిపించిన దొర

“ఆనకట్ట గేట్లన్నీ ఒకేసారి ఎత్తేస్తారట. ఆపు.” చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. ఆనకట్ట కింద ఊరి ఆసుపత్రిలో ఏజెంట్ ముల్లు చెల్లెలు పురిటికి చేరిందని ఆ పెద్దమనిషికి తెలుసు. తెలిసీ ఒక్క మంచిమాట అనలేదు.

ముల్లు ప్రోగ్రామర్ వేషంలో విదేశీ ముఠాలో దూరాడు. ముఠా నాయకుణ్ణి అందరూ దొర అనేవారు. మెదడు సంగతి ఎలా ఉన్నా, ఆయనకు మారుపేర్ల పిచ్చి మాత్రం నిండుగా ఉంది. ఆ ముఠాలోనే ఉంటూ రెండు దేశాల జీతం మింగే డబుల్ ఏజెంట్ నెమలి అయితే చీర మార్చినప్పుడల్లా పేరు మార్చేది.

గేట్లెత్తే ప్రోగ్రాం సి అనే కంప్యూటర్ భాషలో ఉంది. ఒక్కో గేటుకు దాని వివరాలన్నీ బ్రాకెట్ల మధ్య మూటగట్టిన ఒక స్ట్రక్చర్, అందులో తర్వాతి గేటును చూపే పాయింటర్. ముల్లు ఆ స్ట్రక్చర్‌కు ఒక అసలు పేరు పెట్టి, టైప్‌డెఫ్ అనే ఆదేశంతో పొట్టి మారుపేరు తగిలించాడు. అసలు పేరు ఉంటే రేపు పోలీసులకు ఆధారం దొరుకుతుందేమోనని దొర చెవిలో మెల్లగా వేశాడు. దొర ఉబ్బిపోయి, లోపలా బయటా మారుపేరే ఉండాలని హుకుం జారీచేశాడు.

ముల్లు అసలు పేరును ఆనందంగా చెరిపేశాడు. మారుపేరు పుట్టేది బ్రాకెట్ మూశాకే. లోపలున్న పాయింటర్‌కు అదెవరో తెలియదు, ఇక ప్రోగ్రాం నడవదు. ఈ మాత్రం తెలియని వెధవలు ఊళ్లు ముంచడానికి బయల్దేరారని అతనికి రోత పుట్టింది.

షిఫ్ట్ మారే వేళ ముఠా మెకానిక్కుల వేషంలో కంట్రోల్ రూంలోకి దిగింది. ముల్లు చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కి కమాండోలకు కబురిచ్చాడు. నెమలి ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు అప్పగించింది. తెరమీద తప్పుందంటూ ఎర్రక్షరాలు. గేట్లు కదల్లేదు.

నెమలి లిప్‌స్టిక్ పిస్టల్ ముల్లు కణతకు ఆనింది. “సరిచెయ్.”

“చెరిపేసిన అసలు పేరు తిరిగి రాయాలి. దొరగారు ఒప్పుకోవాలి మరి.”

“అసలు పేరు కుదరదు. ఇంకో మారుపేరు పెట్టు,” అన్నాడు దొర.

ముల్లు పెట్టాడు. మళ్లీ ఎర్రక్షరాలే. నెమలి దొరను బూతులు తిట్టి, ముల్లును నెట్టేసి, అసలు పేరు తానే రాసింది. ఆమె వేలు ఎంటర్ మీదికి వెళ్తుండగా ముల్లు కీబోర్డు వైరు పీకేశాడు. అదే క్షణంలో కమాండోలు తలుపు బద్దలుకొట్టారు.

నెమలి పిస్టల్ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని, మొదట్నుంచీ తాను వాళ్ల మనిషినేనంది. ఎవరూ పట్టించుకోలేదు. దొర మాత్రం కంపైలర్‌ను ఎవరు కొనేశారని అడుగుతూనే వ్యానెక్కాడు.

అప్పుడు చీఫ్ ఫోన్ చేశాడు. “మేనకోడలు పుట్టిందయ్యా. పేరేం పెట్టమంటావని మీ చెల్లెలు అడుగుతోంది.”

“ఏదైనా సరే,” అన్నాడు ముల్లు. “ఒక్కటే పెట్టమనండి సార్.”