ఊపిరి అక్కర్లేని మనిషి

"ఈ ముఖం తగిలించుకుని తుమ్మొచ్చా?" అడిగింది స్టంట్ అమ్మాయి.

"తుమ్మితే పదకొండు రోజుల నా కష్టం గంగలో కలిసినట్టే," అన్నాడు మేకప్‌మాన్, రబ్బరు మాస్కు అంచులకు జిగురు రాస్తూ.

"అబ్బో! నా ముక్కు కన్నా మీ రబ్బరు ముక్కే ముద్దన్నమాట!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె మీద మనసు పడి చాలా రోజులైంది. ఆ సంగతి చెప్పే ధైర్యం మాత్రం రావడం లేదు.

వాళ్లు తీస్తున్న సినిమా, గాలిలేని గ్రహం మీద కాపురాలు పెట్టబోయే మనుషుల కథ. అందుకోసం శాస్త్రవేత్తలు వాళ్ల ఊపిరితిత్తులు తీసేసి యంత్రాలు అమర్చారట. హీరోయిన్‌కు బదులు ఈ అమ్మాయి ముప్పై అడుగుల ఎత్తున తీగలకు వేలాడుతూ అంతరిక్షంలో తేలాలి. ఆ తీగల్ని నడిపేది స్టంట్ మాస్టర్, ఆమె కన్నతండ్రి.

"ఛాతీ కదలకూడదు! నీకు ఊపిరే అక్కర్లేదు!" మైకులో అరిచాడు డైరెక్టర్.

ఆమె తేలింది. ఛాతీ కదల్లేదు.

"అద్భుతం! అలాగే ఉండు!"

మేకప్‌మాన్ మాత్రం ఆమె చేతుల వైపు చూశాడు. ఆమె వేళ్లు కొంకర్లు పోతున్నాయి. లైట్ల వేడికి జిగురు కరిగి మాస్కు ముక్కు రంధ్రాలు పూడుకుపోయినట్టున్నాయి. పెదాలు ఎలాగూ రబ్బరు కిందే. మణికట్లకు కట్టిన తీగల వల్ల చేతులు ముఖందాకా రావు.

"మాస్టర్, దించండి!"

"షాట్ నడుస్తోంది, నోర్ముయ్!" గర్జించాడు డైరెక్టర్.

"మీ అమ్మాయికి ఊపిరాడట్లేదు!"

తండ్రి ఎవరినీ అడగలేదు. సరసరా దించేశాడు. మేకప్‌మాన్ ఒక్క ఉదుటున వెళ్లి మాస్కును రెండుగా చీల్చాడు.

ఒక క్షణం ఏమీ లేదు. మరో క్షణం. అప్పుడు ఆమె పెద్దగా దగ్గి, గాలిని గటగటా మింగింది.

"తప్పు నాదే," అన్నాడు మేకప్‌మాన్. "నేను చేసిన ముఖమే... నీకేమైనా అయ్యుంటే నేను... నువ్వంటే నాకు ప్రాణం. ఇది చెప్పే సమయం కాదని తెలుసు..."

ఆమె రొప్పుతూనే అతని చొక్కా చేతిని పట్టుకుంది. "కాస్త ఆగు మహానుభావా. ఇప్పుడే ఊపిరొచ్చింది. మళ్లీ ఆపేస్తావా?"

మాస్టర్ తీగలకు ఒరుసుకుపోయిన అరచేతులతో నీళ్ల సీసా తెచ్చి కూతురి పక్కన కూలబడ్డాడు. ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.

"ముందు దాన్ని నీళ్లు తాగనివ్వవయ్యా. ఆ మాటేదో ఆదివారం ఇంటికొచ్చి చెప్పు. వాళ్లమ్మ కూడా వినాలి కదా!"